ఖాజాగూడ బడిలో నా సినిమా ప్రసంగం

అది 1974. ఖాజాగూడ రాళ్లగుట్టల పక్కన ఒక అప్పర్ ప్రైమరీ స్కూల్, అంటే ఏడో తరగతి దాకా ఉండే బడి. హెడ్మాస్టరుతో కలిపి ముగ్గురం టీచర్లం. నేను కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాణ్ణి, పైగా సినిమా పిచ్చోణ్ణి. తెరమీద మాస్టారు ఒక్క ప్రసంగం చేస్తే చాలు, క్లాసంతా కళ్లు తుడుచుకుని బాగుపడిపోతుంది. నాకూ అలాంటి రోజొకటి రాకపోతుందా అని కాచుక్కూర్చున్నాను.

ఏడో తరగతి యాదమ్మ లెక్కల్లో దిట్ట. కానీ రోజూ ఆలస్యమే. గుట్టమీద రాళ్లు కొట్టే తండ్రికి సద్ది ఇచ్చి వచ్చేదని పిల్లలు చెప్పేవారు. ఫస్ట్ బెల్ కాగానే నేను అటెండెన్స్ తీసేవాణ్ణి. ఆ తర్వాత వస్తే గైర్హాజరే. హాజరు చాలకపోతే కామన్ ఎగ్జామ్‌కు, అంటే అన్ని బళ్లకూ ఒకే పేపరుతో జరిగే పరీక్షకు, కూర్చోనివ్వరు.

ఒకరోజు ఆమెను క్లాసు ముందు నిలబెట్టి ప్రసంగం అందుకున్నాను. పేదింట్లో పుట్టిన రత్నమన్నాను, వాళ్ల నాన్న చేతుల బొబ్బల గురించి చెప్పాను, గొంతు కూడా వణికించాను. చివర్లో కొత్త నోటుబుక్కులు చేతిలో పెట్టాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. యాదమ్మ తలెత్తలేదు. మర్నాటి నుంచి బడికే రాలేదు.

నాలుగు రోజులు చూసి వాళ్లింటికి బయల్దేరాను. దారి పొడుగునా ఇంకో ప్రసంగం వల్లె వేసుకున్నాను, బుద్ధి లేక. వాళ్లమ్మ ఆ నోటుబుక్కులు తెచ్చి నా ముందు పెట్టింది.

“మేం అడిగినమా సారూ? పిల్లని అందరి ముంగట గట్ల నిలబెడ్తే, ఇగ బడికి ఎట్ల వస్తది?”

వల్లె వేసిన ప్రసంగం పక్కన పెట్టి, “తప్పు నాదేనమ్మా,” అన్నాను. తలుపు పక్కన నిలబడ్డ యాదమ్మకూ అదే చెప్పి, సద్ది ఇచ్చాక ఎప్పటికి రాగలవని అడిగాను. ఫస్ట్ పీరియడ్ అయ్యేలోపు వస్తానంది. ఇన్ని నెలల్లో నేను ఆ మాట అడగడం అదే మొదలు.

హెడ్మాస్టరును ఒప్పించి, ఫస్ట్ పీరియడ్ అయ్యాక అటెండెన్స్ తీయడం మొదలుపెట్టాను. దానికెవరూ చప్పట్లు కొట్టలేదు. యాదమ్మ మాత్రం మళ్లీ బడికొచ్చింది, హాజరు సరిపోయి పరీక్ష రాసింది, పాసైంది. ఆ సంగతి చెప్పడానికి వచ్చినప్పుడు, నా ప్రసంగం గుర్తుందా అని నవ్వుతూ అడిగాను.

“ఆ దినం సినిమా లెక్క మాట్లాడిండ్రు సారూ. ఇంటికొచ్చిన దినం మా సారు లెక్క మాట్లాడిండ్రు.”

పిల్ల ఇంటిదాకా వెళ్లమని నాకు నేర్పింది సినిమాలే, ఆ రుణం ఒప్పుకుంటాను. వెళ్లాక నోరు మూసుకుని వినాలని మాత్రం ఏ సినిమాలోనూ చూడలేదు. రిటైరయ్యేదాకా క్లాసులో మళ్లీ గొంతు వణికించలేదు. అటెండెన్స్ మాత్రం ఫస్ట్ పీరియడ్ అయ్యాకే తీశాను.