ఫిన్నీ మాస్టారి ఇంట్లో విగ్రహాలు

పామర్రు చరిత్ర ఎవరైనా రాయదలిస్తే 1997 జూలై నెలకు ఒక అధ్యాయం కేటాయించక తప్పదు. హైస్కూలు లెక్కల మాస్టారు ఫిన్నీ గారు కాఫీని విగ్రహంగా ప్రకటించి, తన జీవితం నుంచి బహిష్కరించింది ఆ నెలలోనే.

తప్పు కాఫీది కాదు, మాస్టారి నోటిది. పొద్దున్నే గ్లాసు అందుకుంటూ, "అమలా, కాఫీ అంటే నాకు ప్రాణమే" అనేసి గతుక్కుమన్నారు. దేవుణ్ణి వదిలి మనసు దేన్ని పట్టుకు వేలాడితే అదే విగ్రహమని, అది పాపమని క్రైస్తవుడైన ఆయన సిద్ధాంతం. గ్లాసు కింద పెట్టేశారు. భార్య అమలమ్మ తాగేసింది.

అది మొదలు ఆ ఇంట్లో నోరు విప్పాలంటే ఆలోచించుకోవాల్సి వచ్చేది. చుట్టాలెవరైనా "మా కోడలు దేవతండీ" అంటే, "మనిషేనండీ, మొన్న బస్టాండులో చూశాను" అని సరిదిద్దేవారు. గోంగూరంటే పడిచస్తానన్నందుకు కూతురు డయానాకు నెల్లాళ్ళు గోంగూర లేదు. అమలమ్మ మాత్రం జాగ్రత్తపరురాలు. పెళ్ళైన ఇరవై రెండేళ్ళలో భర్తను ఒక్కసారీ పొగడలేదు. పొగిడితే ఆయన తనను తానే ఎవరికైనా ఇచ్చేసుకుంటారని భయం.

భయపడాల్సిందే మరి. మాస్టారికి మక్కువైన రేడియో ఓ శుభోదయాన విగ్రహమై ఎదురింటి బసవపున్నయ్య గారింటికి వెళ్ళిపోయింది.

ఆ మరుసటి ఏడు చలికాలంలో పడక కుర్చీ వంతు వచ్చింది.

"అది మీ నాన్నగారిదండీ!" అమలమ్మ అడ్డు నిలబడింది.

"అందుకే. నిన్న ప్రార్థన మధ్యలో మనసు దాని మీదికే పోయింది."

"మరి మీ నడుం నొప్పి?"

"అది విగ్రహం కాదు. ఉంటుంది."

పక్కవీధి టైలరు లాల్ అహ్మద్‌కు కబురు వెళ్ళింది. ఆయన కరివేపాకు రెబ్బ కూడా ఊరికే పుచ్చుకోని మనిషి.

"లాల్ అహ్మద్ గారూ, ఈ కుర్చీ విగ్రహమైపోయింది. పట్టుకుపోయి నన్ను రక్షించండి."

లాల్ అహ్మద్ రెండడుగులు వెనక్కి వేశాడు. "విగ్రహాన్ని మా ఇంట్లో పెట్టుకోమంటారా మాస్టారూ? మీకు పాపమైంది మాకు మాత్రం కాదా? మా అమ్మ వింటే నన్ను గుమ్మం తొక్కనివ్వదు!"

అమలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మాస్టారు క్షణం ఆలోచించారు.

"నేను కూర్చుంటేనే అది విగ్రహం. మీవాళ్ళు కూర్చుంటే కుర్చీ."

"నిజంగానా?"

"ఋజువు బోర్డు మీద రాయమంటారా?"

"వద్దులెండి. కానీ ఊరికే ఇస్తే తీసుకోను."

"ఊరికే ఎవరిస్తున్నారు? ఉపకారం చేస్తున్నది మీరు. కాదన్నారో, నేను నరకానికి పోతే మీదే పూచీ."

అంత బరువైన పూచీ మోయలేక లాల్ అహ్మద్ కుర్చీనే మోసుకుపోయాడు.

పదిరోజుల తర్వాత జాకెట్టు కోసం అమలమ్మ ఆ ఇంటికి వెళ్ళింది. ముందుగదిలో, పడక కుర్చీలో వెనక్కి వాలి, లాల్ అహ్మద్ భార్య బీబీజాన్ హాయిగా నిద్రపోతోంది. పట్టపగలు.

"మెల్లగా మాట్లాడండమ్మా" అన్నాడు లాల్ అహ్మద్. "ఉబ్బసం. పడుకుంటే ఊపిరాడదు. రెండు నెలలు గోడకు ఆనుకునే కూర్చుంది. ఏదో మా టైము బాగుండి మాస్టారికి పాపం వచ్చిపడింది."

"ఈవిడ సంగతి ఆయనకు తెలుసా?"

"కుర్చీ ఇవ్వడానికి రెండ్రోజుల ముందే ప్యాంటు కొలతలివ్వడానికొచ్చి చూశారుగా."

దారిలో అమలమ్మకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. రేడియో విగ్రహమైంది, బసవపున్నయ్య గారికి చూపు పోయిన నెలలోనే. ఇక ఆ జూలైలో గేదె వట్టిపోతూ, ఇంటికి ఒక్క గ్లాసు కాఫీకే పాలు వచ్చేవి. అది తాగింది తనే.

ఇంటికొచ్చేసరికి మాస్టారు చాప మీద కూర్చుని, నడుం పట్టుకుని పేపర్లు దిద్దుతున్నారు.

"కుర్చీ ఎలా ఉంది?" తలెత్తకుండానే అడిగారు.

"మామూలు కుర్చీలాగే ఉందండీ."

"చెప్పాను కదా."

ఇన్నేళ్ళకు మొదటిసారి భర్తను పొగడబోయిన అమలమ్మ, డయానా గోంగూర గుర్తొచ్చి ఆగిపోయింది. వెళ్ళి కాపడానికి నీళ్ళు పెట్టింది.

మర్నాడు బజారుకెళ్ళి, మాస్టారు ఎంత ప్రయత్నించినా ప్రేమించలేని కుర్చీ ఒకటి వెతికి వెతికి తెచ్చింది. నీలం ప్లాస్టిక్‌ది. ఒక కాలు కొంచెం పొట్టి. మాస్టారు దాన్ని పదకొండేళ్ళు వాడారు.