తక్కెడాయన క్రిస్మస్

మా బావ తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టరు. బజారులో అందరూ ఆయన్ని తక్కెడాయన అంటారు. ముక్కుసూటి మనిషి. తూకపు రాయి అరిగిపోయిందని సొంత తమ్ముడి కొట్టుకే జరిమానా రాశాడు. మర్యాదకైనా అబద్ధమాడడు. నేను వండిన కూరలో ఉప్పెక్కువైతే చుట్టాల ముందే చెప్పేస్తాడు. ఈ మనిషితో అక్క ఎలా వేగుతోందో అని చాలాసార్లు విసుక్కున్నాను.

బావ భక్తిపరుడే. రోజూ బైబిలు చదువుతాడు. ఆ చదువుతోనే చిక్కొచ్చింది. యేసు పుట్టిన తేదీ అందులో ఎక్కడా లేదు కదా, మరి డిసెంబరు ఇరవై ఐదు ఎలా వచ్చిందని కొన్నేళ్ల కిందట పాస్టరుగారిని అడిగాడు. మరియమ్మ గర్భం దాల్చిన రోజు ఫలానా అని పూర్వం కొందరు నమ్మారనీ, అక్కడి నుంచి తొమ్మిది నెలలు లెక్కేశారనీ ఒక వాదన ఉందన్నారు పాస్టరుగారు. ఆ మొదటి రోజుకు రుజువేదన్నాడు బావ. రుజువు లేదని పాస్టరుగారే ఒప్పుకున్నారు. అంతే, క్రిస్మస్‌కు చర్చి గడప తొక్కడం మానేశాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. కాపరులు రాత్రి పొలాల్లో ఉన్నారంటే చలి లేని కాలమే అయి ఉంటుందని, ఏటా సెప్టెంబరులో ఇంట్లోనే పండగ మొదలెట్టాడు. ఆ రోజు అక్క ఒక్కతే పాడేది, ఆయన ఒక్కడే వినేవాడు. మిగతా జనమంతా ఎవరి పనుల్లో వాళ్లుండేవారు.

నేనూ అక్కా చిన్నప్పటి నుంచీ చర్చి క్వయర్‌లో పాడుతున్నాం. ఈ ఏడు అక్క గొంతులో గడ్డ కనబడింది. జనవరిలో ఆపరేషను. ఆ తర్వాత మాట వస్తుంది గానీ పాట సంగతి చెప్పలేమన్నారు డాక్టరుగారు. ఈ ఒక్క క్రిస్మస్‌కు వచ్చి తన పాట వినమని అక్క అడిగింది. సెప్టెంబరులో విన్నాను కదా అన్నాడు బావ.

"అప్పుడు ఒక్కదాన్నే పాడానండీ. నలుగురితో కలిసి పాడితే ఎలా ఉంటుందో మీరు మర్చిపోయారు," అంది అక్క.

తేదీకి ఆధారం లేదంటూ ఆయన మళ్లీ మొదటికొచ్చాడు. నాకు ఒళ్లు మండింది.

"కిలో అంటే ఇంత అని బైబిల్లో ఉందా బావా?"

"అది అందరూ ఒప్పుకుని పెట్టుకున్నది," అని ఆగిపోయాడు. అక్క మెడ వైపు చూశాడు.

క్రిస్మస్ ఆరాధనకు వచ్చాడు. తేదీ నమ్మి రాలేదు. ఆ ముక్క పాస్టరుగారికి చెప్పి మరీ ముందు వరుసలో, మాకు ఎదురుగా కూర్చున్నాడు. పాట అందుకున్నాం. పల్లవి సగంలోనే అక్క గొంతు పూడుకుపోయింది. ఆ తర్వాత పెదవులు మాత్రమే కదిలాయి. పక్కనే ఉన్న నాకది తెలిసింది. అయినా పాడుతూనే ఉన్నాను. బావ ఆమె ముఖం మీంచి చూపు తిప్పలేదు.

బయటికొచ్చాక అక్క బొంగురుగా అడిగింది. "విన్నారా?"

"విన్నాను. అందరిలోకీ నీ గొంతే బాగుంది," అన్నాడు.

పెళ్లయిన ఇన్నేళ్లలో మా బావ ఆడిన మొదటి అబద్ధం అది. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు. అక్క ఆయన చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.