నైట్ షిఫ్టు దిగి వచ్చిన పరీక్షాధికారి

మొన్న మా అక్క మనవరాలు ఫోను పట్టుకుని నా పక్కన కూర్చుంది. దువ్వాడ దగ్గర ఏదో యూనివర్సిటీలో దానికి సీటొచ్చింది. యూనివర్సిటీల ర్యాంకుల పట్టికలో దాని పేరు కోసం తెరను పైకి తోస్తూ పోతే నా కాఫీ చల్లారింది గాని పేరు మాత్రం రాలేదు. చేరడమా, మరో ఏడాది కోచింగులో కూర్చోవడమా? యూనివర్సిటీవాళ్లు మర్నాడు క్లాసు చూసి వెళ్లమన్నారట, ఆ వెంటనే తేల్చుకోవాలి.

మన రోజుల్లో ర్యాంకులు మనకే గాని కాలేజీలకు ఉండేవి కావు. అయినా నాకు సీటిచ్చిన కాలేజీ ఎంత అనామకమైనదంటే, దాని పట్టా కంటే దువ్వాడ స్టేషన్లో పట్టాలు నయం, వాటి మీద రైలైనా నడుస్తుందనేవారు మా నాన్న. గోదావరి జిల్లా నుంచి వచ్చి పోర్టులో స్థిరపడ్డ ఆయనకు, నన్నూ అక్కడే పనిలో పెట్టాలని ఉండేది. చదువుతానని నా బెట్టు. ఎటూ తేలక స్టీల్ ప్లాంటులో పనిచేసే మా బావను, అంటే అక్క భర్తను, అడిగాం. మర్నాడు నైట్ షిఫ్టు దిగి, ఉక్కునగరంలో క్వార్టరుకైనా వెళ్లకుండా బస్సెక్కి, ఆ కాలేజీ చరిత్ర క్లాసులో ఆఖరి బెంచీ మీద కూర్చున్నాడు. మేష్టారు ఆయన్ని ఇన్‌స్పెక్టరనుకున్నారో, ముదురు విద్యార్థి అనుకున్నారో తెలియదు.

మధ్యాహ్నం ఎర్రటి కళ్లతో వచ్చి మా నాన్నతో అన్నాడు: "మావా, నాను బస్సులో కమ్మీ అట్టుకుని నిలబడే నిద్దరోతాను. ఆ మేష్టారు ఓడలూ వర్తకాలూ అని సెప్తంటే కన్ను మూతపడ్లేదు. బామ్మర్దిని సేర్పించీయండి."

చేరాను. ఏం ఒరిగిందంటే, ప్రతి ఇంటర్వ్యూలోనూ ఆ కాలేజీ ఎక్కడుందని అడిగేవారు, నేను బస్సు నంబరు చెప్పేవాణ్ణి. చివరికి పోర్టులోనే గుమాస్తానయ్యాను. కానీ రేవులోకి ఓడ వస్తే అది ఏ దేశం నుంచి ఏం మోసుకొచ్చిందో తెలుసుకోందే అన్నం సహించని అలవాటు మాత్రం అంటుకుంది. దాన్ని లాభం అనాలో జబ్బు అనాలో నాకిప్పటికీ తెలియదు.

ఇదంతా విని పిల్ల నేరుగా బావ దగ్గరికి వెళ్లి, తనతో క్లాసుకు రమ్మంది.

"నానొచ్చి ఏటి సేత్తానమ్మా? రిటైరయ్యాక నాకు నిద్దరే రాట్లేదు. ఎవలు సెప్పినా మెలకువగానే ఉంటాను. ఇప్పుడు నా మాట సెల్లదు."

"అయితే ఈ రాత్రి నేనే పడుకోను తాతా."

అన్నంత పనీ చేసింది. మర్నాడు అదీ ఎర్రటి కళ్లతోనే క్లాసు నుంచి తిరిగొచ్చి, "చేరతాను, ఒక్క ఆవలింత కూడా రాలేదు" అని మంచం మీద వాలిపోయింది. బావ ఫ్యాను వేసి, ఆ నిద్రకేసి ఆశగా చూస్తూ చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. షిఫ్టుల రోజుల్లో మనకు పడుకునే తీరిక ఉండేది కాదు. ఇప్పుడు తీరికైతే బోలెడు దొరికింది గాని, నిద్రే మనకు సీటివ్వడం మానేసింది.