బిల్లు లేని స్టాపులు

నా లాప్‌టాప్‌లో ఒక ఫైలుకి ‘టీ’ అని పేరు పెట్టాను. ఎందుకలా పెట్టానో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

2025 వానాకాలం. విజయవాడలో, సరుకు రవాణాకి సాఫ్ట్‌వేర్ రాసే చిన్న ఆఫీసులో చేరి నాకది రెండో ఏడు. అప్పుడు ఊళ్ళో ఎవరి నోట విన్నా క్వాంటం కంప్యూటరే. మా మేనేజరు రవి గారు, ఆటోనగర్‌లో స్పేర్ పార్టులు అమ్మే కరీముల్లా గారిని ఒప్పించి ఒక ట్రయల్ తెచ్చారు. కరీముల్లా గారికి రెండు వ్యాన్లు. మైలవరం, నూజివీడు వైపు మెకానిక్ షెడ్లకి సామాను వేస్తాయి. రెండూ కావాలా, ఒకటి చాలా అన్నది ఆయన ప్రశ్న.

మామూలు కంప్యూటర్‌లో బిట్ అంటే సున్నా గానీ ఒకటి గానీ. క్వాంటం కంప్యూటర్‌లోని క్యూబిట్, లెక్క సాగుతున్నంతసేపూ ఆ రెండూ కలిసిన స్థితిలో ఉండగలదు. దాన్ని సరిగ్గా వాడుకోగలిగితే, లెక్కలేనన్ని దారుల్లోంచి మంచిదాన్ని ఏరడం లాంటి పనులు ఎప్పటికైనా తేలికవుతాయని ఆశ. ఇప్పటి మిషన్లు చిన్నవి, తప్పులూ ఎక్కువే చేస్తాయి. మేం ఇంటర్నెట్‌లో అద్దెకి తీసుకున్న మిషన్ ఇరవై షెడ్లకి ఏ దారి చూపించిందో, నా లాప్‌టాప్ కూడా అదే చూపించింది. రిపోర్టులో ఆ మాట రాశాను. కరీముల్లా గారు చివరి లైను మాత్రం చదివారు: ఒక వ్యాన్ చాలు.

“క్వాంటమే చెప్పాక ఇంకేముందమ్మా! ఒకటో తారీకు నుంచి వెంకటేశ్వర్లుని మానిపిస్తా.”

వెంకటేశ్వర్లు గారు రెండో వ్యాన్ డ్రైవరు. పదిహేనేళ్ళుగా అక్కడే.

రెండ్రోజుల తర్వాత రిపోర్టు మీద సంతకం కోసం షాపుకి వెళ్ళాను. వెంకటేశ్వర్లు గారు వ్యాన్‌లోంచి గ్రీజు మరకల గోనెసంచి దించుతున్నారు. లోపల అరిగిన బేరింగులు, విరిగిన క్లచ్ ప్లేట్లు. ప్రతిదానికీ తీగతో కట్టిన అట్టముక్క, దాని మీద మెకానిక్ పేరు.

“ఇవేంటండీ?” అని అడిగాను.

“శాంపిల్సమ్మా. పాత బళ్ళకి నంబరు చెప్తే సరిపోదు. పొద్దున్నే షెడ్లకెళ్ళి పాత ముక్క తెచ్చి, ఇక్కడ సైజు కలుపుకుని, మధ్యాహ్నం కొత్తది పట్టుకెళ్తా.”

“పొద్దున వెళ్ళినదానికి బిల్లు రాయరా?”

“పాత ఇనుముకి బిల్లేంటమ్మా!” అని నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. లెక్క కోసం వాళ్ళిచ్చిన వ్యాన్ జీపీఎస్ రికార్డులో రోజూ పొద్దున పదేసి చోట్ల ఆగినట్టు ఉంది. వాటికి బిల్లులు లేవు. టీకో కబుర్లకో ఆగి ఉంటాడనుకుని ఆ వరసలన్నీ అప్పుడే లెక్కలోంచి తీసి వేరే ఫైల్లో పడేశాను. దాని పేరే ‘టీ’. ఆఫీసుకి వచ్చి వాటిని కలిపి మళ్ళీ లెక్క వేస్తే, ఒక్క వ్యాన్ సాయంత్రానికి సగం షెడ్లకి కూడా చేరదు.

“ఫోన్లో చెప్దాంలే” అన్నారు రవి గారు. నేనే వెళ్తానన్నాను. ఆటోలో దారంతా చెప్పాల్సిన వాక్యాన్ని మనసులో దిద్దుకుంటూనే ఉన్నాను.

“రిపోర్టు తప్పండీ. తప్పు మిషన్‌ది కాదు, నాది. శాంపిల్ ట్రిప్పులు నేను కలపలేదు.”

కరీముల్లా గారు కళ్ళద్దాలు తీశారు. “రోజూ నా కళ్ళముందు దిగే సంచులే. నాకూ తట్టలేదు చూడు! అంత పెద్ద మిషన్ కదా, అన్నీ చూసే ఉంటుందనుకున్నా.” రిపోర్టుని రెండుగా మడిచి నా చేతికిచ్చేశారు. “వెంకటేశ్వర్లుకి ఇంకా చెప్పలేదులే. చెప్పను.”

రేపు ఎంత పెద్ద క్వాంటం మిషన్ వచ్చినా, మనం తీసేసిన వరసల్ని అది తిరిగి పెట్టదు. ఇప్పుడు నేను ఏ వరస తీసేయాలన్నా, ఆ పని చేసే మనిషిని ముందు అడుగుతున్నాను.

ఆ పొద్దుటి స్టాపుల ఫైలుకి నేనేం పేరు పెట్టానో మాత్రం వెంకటేశ్వర్లు గారికి చెప్పలేకపోయాను. ఆ రోజు నేను షాపు మెట్లు దిగుతుంటే ఆయన వ్యాన్ తలుపు వేస్తూ పిలిచారు.

“ఈసారి నా బండిలో మైలవరం రండమ్మా. బస్టాండ్ దగ్గర టీ బాగుంటుందంట. ఇన్నేళ్ళు తిరిగినా నాకు ఆగే తీరికే దొరకలేదు.”