రాజుగారి నెత్తిన కొడవలి

మా వదిన అఘొనీ ముప్ఫై రెండేళ్లుగా చరైదేవ్‌లో రాజులకు జుట్టు కత్తిరిస్తోంది. జుట్టంటే మైదాం మీది గడ్డి. రాజును లోపల పడుకోబెట్టి, పైన మట్టి పోసి గుండ్రంగా కొండలా లేపిన సమాధే మైదాం. దానిమీద గడ్డి కోయడం అందరికీ రాదు. నాకూ రాదు, ఈ ఒక్క విషయంలో ఒప్పుకుంటాను. చెప్పులు విడిచి, వాలుకు అడ్డంగా కూర్చుని, పైనుంచి చుట్టూ తిరుగుతూ కిందికి దిగాలి. వేరు కదిలిందో, వానకు మట్టంతా జారిపోతుంది.

మా పుట్టింటివాళ్లు చాంగ్‌మాయ్‌లు, రాజులకు వండిపెట్టినవాళ్లు. రాజు పోతే వంటవాణ్ణి కూడా లోపలికి పంపే కాలంలో మా తాతల తాత ఒకడు ముందురోజే అడవిలోకి పారిపోయాడని ఇంట్లో చెప్పుకునేవారు. నన్ను దెప్పడానికి వదినకు అది చాలు.

"మీ తాత ఎగ్గొట్టిన కొలువు నేను చేస్తున్నానే," అంటుంది వక్క బుగ్గన పెట్టుకుని.

"ఆయన పారిపోకపోతే నీకు మొగుడెక్కడ దొరికేవాడు వదినా?" అంటాను నేను.

నిరుడు మాఘంలో, పెద్దల పూజ వారం ఉందనగా, ఫుకన్ అనే కొత్త సూపర్‌వైజర్ దిగాడు. అరవై దాటినవాళ్లు మైదాం ఎక్కకూడదన్నాడు. వదినకు అరవై నాలుగు.

"నువ్వు గేటు దగ్గర నీడలో కూర్చో పెద్దమ్మా. పైన పని గడ్డి కోసే మెషిన్ చూసుకుంటుంది."

"గేటు దగ్గర కూర్చోడానికి నేనేమన్నా కుక్కనా బాబూ?"

అక్కడ అలా అందే గానీ, మా ఇంటికొచ్చి కూలబడింది. బూడిదగుమ్మడి వేసి వండిన బాతు కూర ముందు పెడితే ముట్టలేదు.

"పైకి ఎక్కనివ్వకపోతే ఇంక నేనెందుకే?" అంది. వదిన బాతు కూర వద్దనడం నేను చూడటం అదే మొదలు.

మర్నాడు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. ఇద్దరు మనుషులు మెషిన్‌కు తాళ్లు కట్టి మైదాం మీదికి లాగుతున్నారు. వదిన చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని చూసింది.

"ఆపండ్రోయ్! ఆ ఎండిన చోటికి పోకండి. కింద బోలుగా ఉంది!"

ఫుకన్ నవ్వాడు. "చలికాలం గడ్డి ఎండదా పెద్దమ్మా?"

"ఎండితే అంతా ఎండాలి. చాపంత మేరే ఎందుకెండింది? కింద మట్టి లేక!"

అతను నోరు తెరిచేలోపు చెప్పులు విడిచి ఎక్కేసింది. ఆ చోటు పక్కన కూర్చుని చేతిలోని వెదురు కర్ర గుచ్చింది. కర్రంతా లోపలికి పోయింది, వెనకే మోచెయ్యి కూడా. ఎప్పుడో బంగారం కోసం దొంగలు తవ్విన కన్నం అది. ఇంకో నాలుగడుగులు వేస్తే మెషినూ మనుషులూ కలిసి రాజుగారి దర్శనానికి వెళ్లేవాళ్లే.

ఫుకన్ ముందు బూట్లు విప్పాడు. మెల్లగా పాకి ఆమె పక్కకు చేరాడు.

"ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి?"

"గేటు దగ్గర కూర్చునే ముసలిదానికేం తెలుస్తుంది బాబూ!"

"తప్పయింది. మైదాం మీది పని మీదే. మెషిన్ కింద చదునులో తిరుగుతుంది. మీరు నడుముకు తాడు మాత్రం కట్టుకోండి పెద్దమ్మా."

తాడు పుచ్చుకుంది. ఇప్పుడది మా మేక మెడలో ఉంది.

ఆ మధ్యాహ్నం ఎండలో వగరుస్తూ వచ్చి, నిన్నటి బాతు కూర పెట్టమంది. నేను తినేశానన్నాను.

"వంటవాళ్ల వంశమేగా," అంది పీట వాల్చుకుని, "లే, మళ్లీ వండు. ఈసారి పారిపోకు."