రెండు కుర్చీల పెళ్లి

నలుగురు కూర్చున్న చోట మాట మొదలుపెట్టమంటే నాకు గొంతు పెగలదు. నవ్వించమంటే మాత్రం క్షణం పట్టదు. లోపలికి అడుగు పెడుతూనే లేని గడపకు తట్టుకుని తూలడం, ఖాళీ గ్లాసు ఎత్తి తాగి "చక్కెర ఎక్కువైంది" అనడం, ఎవరైనా పేరడిగితే జేబులన్నీ వెతుక్కుని "ఇంట్లో మరిచిపోయొచ్చాను" అనడం. అన్నీ అరనిమిషం వేషాలే. మధిరలో మా అమ్మ వీటిని కోతి వేషాలనేది. ఆ కోతి వేషాలే ఉద్యోగంలో నాకు అక్కరకొచ్చాయి, బతుకులో కొంప ముంచాయి.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయి ఉంటుంది. చర్ల రోడ్డు మీద ఒక ఊళ్లో, ఒక్క టీచరే ఉండే బడి నాది. చుట్టూ పోడు చేలు, వాటి వెనక అడవి. కొత్త మనిషి కనబడితే జనం నోళ్లు మూసుకునే రోజులవి. పోలీసులతో మాట్లాడినా ప్రమాదమే, అడవిలో ఉన్నవాళ్లతో మాట్లాడినా ప్రమాదమే. కనుక ఎవరితోనూ మాట్లాడకపోవడమే అక్కడి తెలివి. మొదటి ఏడాది "తిన్నవా సారు" తప్ప ఇంకో మాట నాతో ఎవరూ అనలేదు.

అక్కడికి ప్రతి బుధవారం పిల్లలకు టీకాలు వేయడానికి ఆమె వచ్చేది. చండ్రుగొండ పిల్ల. చర్లలో గది కిరాయికి తీసుకుని ఉండేది. నర్సు ఉద్యోగం కనుక ఊరంతా సిస్టర్ అని పిలిచేవాళ్లు. నేనొక్కణ్ణే మేడం అనేవాణ్ణి. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పేవాణ్ణి కాదు.

టీకాల డబ్బా మా బడి వరండాలోనే తెరిచేది. తల్లులు పిల్లల్ని చంకనేసుకుని దడి అవతలే నిలబడేవాళ్లు, దగ్గరికి వచ్చేవాళ్లు కాదు. ఒక బుధవారం పదకొండు దాటినా ఒక్క బిడ్డా రాలేదు. డబ్బాలో ఐసు కరిగిపోతోందని ఆమె మొహం చిన్నబోయింది. చూడలేక నేను చొక్కా చెయ్యి మడిచి బెంచీ మీద కూర్చుని, "ముందు నాకు వెయ్యండి మేడం" అన్నాను. మూత కూడా తియ్యని సూది ఇంకా బెత్తెడు దూరంలో ఉండగానే కెవ్వుమని అరిచి బెంచీతో సహా వెనక్కి పడ్డాను. బడి పిల్లలు పగలబడి నవ్వారు. దడి అవతల ఒక ముసలమ్మ నవ్వింది. తల్లులు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"సారు సచ్చిపోలే. ఇగ మీరు రాండ్రి," అంది ఆమె నవ్వు ఆపుకుంటూ. వచ్చారు.

ఆ తర్వాత రెండేళ్లు అదే మా పద్ధతి. సెలవు రోజుల్లో లోపలి గూడేలకు కూడా డబ్బా నా సైకిలుకు కట్టుకుని ఇద్దరం నడిచేవాళ్లం. ముందు నేను పడాలి, తర్వాత ఊరు నవ్వాలి, ఆ తర్వాతే సూది.

"మీ మధిరోళ్లంత గిట్లనే ఉంటరా సార్?" అనేది.

"లేదు మేడం, నన్ను పంపించేశాకే మా ఊరు బాగుపడింది."

నవ్వేటప్పుడు ఆమె కళ్లు మూసుకునేది. ఆ కాసేపే నేను భయం లేకుండా ఆమెను చూసేవాణ్ణి. కళ్లు తెరిచేసరికి మళ్లీ ఏదో ఒక వేషంలో ఉండేవాణ్ణి. ఇంతమందిని నవ్వించాను గాని, ఆ నవ్వు కోసం పడ్డట్టు ఇంకెవరి నవ్వు కోసమూ పడలేదు.

నన్ను పెళ్లి చేసుకుంటావా అని అడగాలి. నాకు కావలసింది అదొక్కటే. కులం కూడా ఒకటే, సాకు చెప్పుకోవడానికి అదీ లేదు. ఒక సాయంత్రం కాలువ గట్టు మీద "మేడం, ఒక మాట" అన్నాను. ఆమె ఆగింది. భుజాన ఉన్న సంచి కింద పెట్టింది కూడా. నేను గొంతు సవరించుకుని, "ఈ డబ్బాలో పుల్ల ఐసు దొరుకుతుందా?" అన్నాను. నవ్వింది. ఆ నవ్వుకు కళ్లు మూసుకోలేదని నాకు చాలా రోజుల తర్వాత తట్టింది.

ఆ ఏడే, ఎండలు మొదలైన రోజుల్లో ఒక బుధవారం, టీకాల కార్డులు సర్దుకుంటూ చెప్పింది.

"ఆదివారం నన్ను చూసెటందుకు కొత్తగూడెం నుంచి వస్తున్నరు సార్. మీరు గూడ రాండ్రి."

"నేనెందుకు మేడం?"

"మా నాయనకు మీ గురించి చెప్పిన. వాళ్లకంటె జర ముందే రాండ్రి."

భద్రాచలంలో ఒక బస్సు, కొత్తగూడెంలో ఇంకో బస్సు. దారి పొడుగునా ఒకటే వాక్యం వల్లె వేశాను. అయ్యా, మీ అమ్మాయిని నాకివ్వండి. పక్క సీటాయన నా పెదాలు కదలడం చూసి, జపం చేస్తున్నాననుకున్నాడేమో, మర్యాదగా జరిగి చోటిచ్చాడు.

చండ్రుగొండలో వాళ్ల నాయన పత్తి రైతు, కలుపుగోలు మనిషి. "రాండ్రి సార్, మీ ముచ్చట్లు మా బిడ్డ వచ్చినప్పుడల్ల చెప్తది," అని పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. మాకు గంట టైముంది. ఆ గంటలో పత్తి పురుగు మీద, మా బడి మీద, ఎక్కివచ్చిన బస్సు మీద చెప్పి ఆయన్ను కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వించాను. నా వాక్యం మాత్రం నాలుక కిందే ఉంది. ఇప్పుడంటాను, ఇంకో నిమిషంలో అంటాను అనుకుంటుండగానే జీపు వచ్చి వాకిట్లో ఆగింది.

వాళ్ల బంధుగణంలో ఒక ఆనవాయితీ ఉంది. చూడ్డానికి వచ్చినవాళ్లకు ముందుగా తీపి పెడతారు. సంబంధం నచ్చితేనే పిల్లవాడి తండ్రి దాన్ని నోట్లో వేసుకుంటాడు. నచ్చకపోతే మంచినీళ్లు తాగి, కబురు చేస్తామని లేస్తారు. ఎవరూ ఎవర్నీ మాటతో నొప్పించక్కర్లేదు. ఆమే పళ్లెం పట్టుకొచ్చింది, ఒక్కో ప్లేటులో ఒక రవ్వ లడ్డు, కొంచెం మిక్చరు. గుమ్మం పక్కనే ఉన్న నాకు ఒకటిచ్చి, వాళ్లకూ ఇచ్చి, వెళ్లి చాప మీద కూర్చుంది.

"ఏం చదివినవ్ బిడ్డ?" అని పిల్లవాడి తల్లి అడిగింది. జవాబు లేదు. "అడవిల ఉద్యోగం కష్టమే గదా?" జవాబు లేదు. ఆమె తల వంచుకుని చాప అంచు చూస్తూ ఉండిపోయింది. పిల్లవాడు గడియారం చూసుకున్నాడు. పిల్ల బాగుంది, ఉద్యోగముంది, కానీ నోరు విప్పని పిల్లతో ఎట్లా అని వాళ్ల మొహాల్లో కనిపిస్తూనే ఉంది. లడ్డూలు ప్లేట్లలోనే ఉన్నాయి. ఆమె నాయన కండువాతో చెమట తుడుచుకుని నా వైపు చూశాడు. అచ్చం కూతురి మొహమే, చిన్నబోయినప్పుడు.

అప్పుడు నేను ఆలోచించి ఉంటే బాగుండేది. ప్లేటు కిటికీలో పెట్టి లేచాను. మూలన ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుపోయిన ప్లాస్టిక్ కుర్చీలు రెండున్నాయి. పిల్లవాడి తండ్రికి కుర్చీ వేస్తానని పట్టుకుని లాగాను. రాలేదు. కాలు తన్నిపెట్టి లాగాను. వాటి చుట్టూ తిరిగాను, బతిమాలాను, గడ్డం పట్టుకున్నాను. చివరికి రెండిటితో కలిసి నేల మీద కూలబడి, "అయ్యా, ఇవి రెండూ విడిపోం అంటున్నాయి. ముందు వీటి పెళ్లి చేసేద్దాం" అన్నాను.

ఇల్లంతా గొల్లుమంది. పిల్లవాడి తండ్రి బొజ్జ కదిలేలా నవ్వి, నవ్వుతూ నవ్వుతూనే చేతికందిన లడ్డు సగం కొరికేశాడు.

గుమ్మంలో నిలబడ్డ ఆమె మేనత్త ముందు చూసింది. "పిలగాని నాయన నోరు తీపి చేసుకున్నడు," అంది.

నవ్వులు ఆగిపోయాయి. పెద్దాయన చేతిలో మిగిలిన సగం వంక చూసుకున్నాడు. ఉమ్మలేడు, మింగితే మాటిచ్చినట్టు. భార్య వైపు చూశాడు, కొడుకు వైపు చూశాడు. కొడుకు ఇంకా కుర్చీలను చూసి నవ్వుతూనే ఉన్నాడు.

"సరే తియ్. గిట్ల నవ్వులున్న ఇంటితోటి వియ్యమంటె మంచిదే గదా," అని మిగతా సగమూ నోట్లో వేసుకున్నాడు.

ఆమె నాయన వచ్చి నన్ను చెయ్యిచ్చి లేపాడు. "మీరు రాకపోతె ఏమైతుండెనో సార్," అన్నాడు. ఆయన కళ్లల్లో నీళ్లున్నాయి. నేను ఆమె కోసం చూశాను. చాప ఖాళీగా ఉంది.

తర్వాతి బుధవారం టీకాలయ్యాక ఆమె వరండా మెట్టు మీద కూర్చుంది. బడి పిల్లలు అన్నానికి వెళ్లారు, ఇద్దరమే ఉన్నాం.

"వాళ్లు అడిగినదానికి ఒక్కదానికి జవాబు చెప్పలే నేను," అంది. "ఇంకో పది నిమిషాలు గట్లనే కూసుంటె లేచిపోయేటోళ్లు. మా నాయనతోటి మాట్లాడుతరని మిమ్మల్ని ముందు రమ్మన్న. నవ్వించమని కాదు సార్."

పెళ్లికి ఇంకా నెల ఉంది. అప్పుడైనా అడగొచ్చు. బస్సులో వల్లె వేసిన వాక్యం పొల్లు పోకుండా గుర్తుంది. నోరు తెరిచాను.

"తప్పు లడ్డుది మేడం. అంత మెత్తగా ఎవరు చేశారో గాని," అన్నాను.

"నేనే చేసిన," అంది. "మొదలు మీకే ఇచ్చిన. మీరు ముట్టలే."

చర్ల బస్సు వచ్చింది. ఆమె డబ్బా భుజాన వేసుకుని లేచింది. ఆగమని అనాలని ఆ రోజు నాకెంత ఉండిందో, ఇప్పటికీ అంతే ఉంది.