తాయమ్మ పెట్టిన ముద్ద

కోలారు బంగారు గనుల కూలీల లైనిళ్ళలో తాయమ్మది చివరి ఇల్లు. ఆమె భర్త ఓబలప్ప గనిలో రాయి తొలిచేవాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి, మూడేళ్ళు మంచంలో ఎండిపోయాడు. స్నానం చేయించేటప్పుడు తాయమ్మ వేళ్ళకు వీపు ఎముకలు తగిలేవి. ఆఖరి రోజుల్లో రాగి సంగటి పెడితే, "చాల్లేమే" అని కంచం పక్కకు తోసేవాడు.

అప్పటినుంచి ఆమెకు సన్నబడటమంటే చావే. కొడుకు మునేష్ ఒళ్ళు చేసినకొద్దీ, ఏటా కురుడుమలె వినాయకుడికి కొబ్బరికాయ కొట్టి వచ్చేది. గనిలో దిగేముందు తండ్రి తిన్నట్టే రెండు పెద్ద సంగటి ముద్దలు కొడుక్కీ పెట్టింది. మునేష్ రాయి తొలిచేవాడు కాదు. తెల్లారే రైల్లో కూర్చుని బెంగళూరు పోయేవాడు, ఒక ఆఫీసులో కాపలా కెమెరా తెరల ముందు కూర్చునేవాడు, మళ్ళీ రైల్లో కూర్చుని వచ్చేవాడు. తోటి ప్రయాణికులు అతనికి ఇద్దరి చోటు పట్టి ఉంచి, వడలు కూడా కొని పెట్టేవారు. పక్కింటి జెసింతా ఆదివారం చర్చి నుంచి వస్తూ కేకు తెచ్చేది. ఎవరూ చెడ్డవాళ్ళు కారు.

నిరుడు చర్చి హాల్లో వైద్య శిబిరం పెట్టారు. మునేష్ నూట పద్దెనిమిది కిలోలు తూగాడు. షుగరూ బయటపడింది. నర్సు సోనియా ఈ లైన్లలో పుట్టిన పిల్లే.

"పొద్దున్నుంచి నీ మాదిరోళ్ళను నలభై మందిని తూచినానన్నా. నాయనలు బక్కచిక్కి పోయినారు, కొడుకులు లావెక్కి పోతా ఉండారు. కాలికి పుండు పడితే ఇంగ మానదు. తిండి తగ్గించు" అంది.

ఆ రోజునుంచి భార్య గంగ అర ముద్దే పెట్టింది. తాయమ్మ మాత్రం క్యారియర్ అడుగు గిన్నెలో రెండు ముద్దలు దాచి పంపేది. ఒకనాడు గంగ చూసింది.

"అత్తా, ఆయన్ని చంపేస్తావా?"

"వాళ్ళ నాయన ఎముకలు లెక్కబెట్టినాను మే. వీడివి లెక్కబెట్టేదానికి నాకు చేత కాదు."

మునేష్ నవ్వాడు. "పోనీలే గంగా. అమ్మ పెట్టేది కాదని యాడికి పోయేది?"

ఉగాదికి కొత్త చెప్పు కరిచింది. పుండు మానలేదు. పాదం తీసేశారు, ఉద్యోగం పోయింది. రైలు స్నేహితులు వంతులు వేసుకుని ఆసుపత్రికి వచ్చారు. వచ్చిన ప్రతివాడూ ఏదో ఒకటి తినడానికే తెచ్చాడు.

ఇప్పుడు షుగర్ అతణ్ణి లోపలినుంచి కరిగిస్తోంది. నిన్న పెరట్లో కుర్చీ వేసి, తాయమ్మ కొడుక్కి నీళ్ళు పోసింది. వీపు తోముతుంటే వేళ్ళు ఒకచోట ఆగాయి. ఇంకాస్త కిందికి జరిపి చూసుకుంది. అక్కడా ఎముకలే తగిలాయి.

ఒళ్ళు తుడిచి, లోపల కూర్చోబెట్టి, అర ముద్దే పెట్టింది. మునేష్ కాస్త తుంచి, కంచం పక్కకు తోశాడు.

"చాల్లేమ్మా."

గంగ గుమ్మంలో నిలబడి చూస్తూ ఉంది. తాయమ్మ కంచం మళ్ళీ కొడుకు ముందుకు జరిపింది.

"ఇంగ రవంత తినప్పా" అంది.